ఆవకాయకు మూడు కవర్లు, ఇన్సూరెన్స్‌కు పది నిమిషాలు

మా పెదనాన్న తొలిసారి అమెరికా వెళ్ళేటప్పుడు తెనాలిలో వాళ్ళింట్లో వారం రోజులు పెళ్ళి హడావుడి. ఆవకాయ ఒక కవర్లో, ఆ కవరు ఇంకో కవర్లో, దానిమీద టేపు, మళ్ళీ ఇంకో కవరు. సూట్‌కేసు 23 కిలోలు దాటిందేమోనని ఒకటికి పదిసార్లు తూకం. కందిపొడి, సున్నుండలు, మనవరాలికి పట్టులంగా. ఆరు నెలలకు సరిపడా బీపీ మాత్రలు కూడా పెద్దమ్మ లెక్కపెట్టి సర్దింది. ట్రావెల్ ఇన్సూరెన్స్ సంగతి మాత్రం ప్రయాణానికి ముందురోజు రాత్రి, భోజనాలయ్యాక ఎవరికో గుర్తొచ్చింది. ఆ పని నామీద పడింది.

ఫోన్లో పది నిమిషాల్లో కానిచ్చేశాను. వయసు 66, ప్రయాణం 170 రోజులు, కవరేజీ 50,000 డాలర్లు. మధ్యలో ఒక ప్రశ్న వచ్చింది: ఇప్పటికే ఏమైనా జబ్బులున్నాయా? 'ఉన్నాయి' అని నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుని ఏ జబ్బు, ఎప్పట్నుంచి, ఏ మందు అంటూ అడగడం మొదలెట్టింది. వెనక్కొచ్చి 'లేవు' అని నొక్కాను. ఈ రోజుల్లో బీపీ లేనిదెవరికి, అదీ ఒక జబ్బేనా అనుకున్నాను.

డల్లాస్‌లో మూడో నెల. ఒక గురువారం రాత్రి ఆయనకు ఛాతీలో బరువుగా అనిపించింది. పొద్దున్నే ఆఫీసు ఉందని కొడుకుతో చెప్పలేదు. పెద్దమ్మతో మాత్రం "గ్యాసేలే" అన్నారు. ఆమె జీలకర్ర కాచి ఇచ్చింది. శుక్రవారమంతా అలాగే గడిచిపోయింది. శనివారం తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు పట్టి ఎడమచెయ్యి లాగేస్తుంటే అప్పుడు పెద్దమ్మ వెళ్ళి కొడుకు గది తలుపు కొట్టింది. 911కి ఫోను, అంబులెన్సు, రెండు స్టెంట్లు, నాలుగు రోజులు ఆసుపత్రిలో. మనిషి దక్కారు. బిల్లులన్నీ వచ్చి చేరేసరికి లెక్క 92,000 డాలర్లు. ఇన్సూరెన్స్ కంపెనీ ఒక్క డాలరు కూడా ఇవ్వలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

అప్పట్లో తప్పంతా కంపెనీదేనని ఇంటిల్లిపాదీ తిట్టుకున్నాం. ఆ తర్వాత పాలసీ కాగితాలు, అమెరికా ఆసుపత్రి లెక్కలు, ఒక కోర్టు తీర్పు కూర్చుని చదివాను. చదివాక నాకు అర్థమైనది ఇది.

చీటీ వేయనివాళ్ళు

మన దగ్గర వైద్యఖర్చుకు రకరకాల ఏర్పాట్లున్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబర్‌లో దాని పరిమితిని తెలంగాణలో 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెంచారు. ఈఎస్ఐ ఉంది, కేంద్ర ఉద్యోగులకు సీజీహెచ్‌ఎస్ ఉంది, కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీలున్నాయి, ఇంటిల్లిపాదికీ కలిపి సొంతంగా కొనుక్కున్న ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీలున్నాయి. శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ కౌంటర్ దాటి పాస్‌పోర్టు మీద స్టాంపు పడ్డాక వీటిలో చాలావరకు పనిచెయ్యవు. విదేశాల్లో వైద్యానికి కూడా డబ్బిచ్చే పాలసీలు కొన్ని ఉన్నాయి గానీ అవి ఖరీదైనవి. మామూలు మధ్యతరగతి ఇంట్లో ఉండే పాలసీ కాగితం తిరగేస్తే, వైద్యం భారతదేశంలోనే జరగాలన్న మాట ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది.

సరే, మన కార్డు అక్కడ చెల్లదు. పోనీ అక్కడివాళ్ళ ప్రభుత్వం మనల్ని చూడదా? చాలామంది మనసులో ఉండే ప్రశ్నే ఇది. బ్రిటన్‌లో వైద్యం ఉచితమట కదా, కెనడాలో ఉచితమట కదా అంటుంటారు.

దీన్ని మన చీటీపాటలా అనుకుంటే తేలిగ్గా బోధపడుతుంది. బ్రిటన్‌లో జనం పన్నుల రూపంలో చీటీ కడతారు. జర్మనీలో జీతంలోంచి కట్ అవుతుంది. అమెరికాలో ఉద్యోగి, కంపెనీ కలిసి ప్రీమియం కడతారు. నెలనెలా చీటీ కట్టినవాళ్ళకే పాట. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ఆ గుంపులో సభ్యులు కారు. కొన్ని దేశాలు మాత్రం తమలో తాము ఒప్పందాలు చేసుకున్నాయి. ఒక యూరోపియన్ యూనియన్ దేశం వాళ్ళు ఇంకో దేశానికి వెళ్ళినప్పుడు తమ ఆరోగ్య కార్డు చూపించి అవసరమైన వైద్యం చేయించుకోవచ్చు. ఆస్ట్రేలియాకు 11 దేశాలతో ఇలాంటి ఒప్పందాలున్నాయి. ఆ 11లో భారతదేశం లేదు. బ్రిటన్ జాబితాలోనూ లేదు.

అందుకే బ్రిటన్‌కు విజిటర్ వీసా మీద వెళ్ళినవాళ్ళకు ఎమర్జెన్సీ విభాగంలో చూపించుకోవడం లాంటి కొన్ని సేవలే ఉచితం. ఆసుపత్రిలో చేర్చుకున్నారంటే మీటరు తిరగడం మొదలవుతుంది. అదీ వాళ్ళ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ తన లెక్కల్లో వేసుకునే ధరకు ఒకటిన్నర రెట్లు. ఆ బాకీ 500 పౌండ్లు దాటి కట్టకుండా వచ్చేస్తే తర్వాత వీసాకు అప్లై చేసినప్పుడు తిరస్కరించే అధికారం వాళ్ళ ఇమిగ్రేషన్‌కు ఉంది. చదువుకోవడానికి వెళ్ళే పిల్లల సంగతి వేరు. వాళ్ళు వీసాతోపాటే ఆరోగ్య సర్‌చార్జీ కడతారు. 2024 ఫిబ్రవరి నుంచి విద్యార్థులకు అది ఏడాదికి 776 పౌండ్లు. అంటే వాళ్ళు చీటీలో చేరినట్టే లెక్క.

అడిగే దేశాలు, అడగని దేశం

యూరప్ వెళ్ళాలంటే షెంజెన్ వీసాకు ఇన్సూరెన్స్ తప్పనిసరి. కనీసం 30,000 యూరోలకు ఉండాలి. అత్యవసర వైద్యం, ఆసుపత్రి ఖర్చు, వెనక్కి పంపే ఖర్చు, చనిపోతే భౌతికకాయం తరలింపు అన్నీ అందులో ఉండాలి. కెనడాలో ఉన్న కొడుకు దగ్గరికి సూపర్ వీసా మీద వెళ్ళే అమ్మానాన్నలకు కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా, ఏడాదికి తక్కువ కాకుండా చూపించాలి. ఆస్ట్రేలియా స్టూడెంట్ వీసాకు వాళ్ళ ఓఎస్‌హెచ్‌సీ అనే పాలసీ ఉండి తీరాలి.

అమెరికా విజిటర్ వీసాకు మాత్రం ఇన్సూరెన్స్ షరతే లేదు. హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా ఆఫీసర్ ఎందుకు వెళ్తున్నారు, ఎవరి దగ్గరికి, ఎప్పుడు తిరిగొస్తారు అని అడుగుతారు తప్ప పాలసీ పత్రం చూపించమని నిబంధనేమీ లేదు. ఎక్స్‌చేంజ్ ప్రోగ్రాముల మీద వెళ్ళే జె-1 వాళ్ళకు మాత్రం ఒక్కో జబ్బుకు లక్ష డాలర్ల కవరేజీ ఉండాలని రూలుంది.

నాకు తోచిన కారణం ఒకటి చెబుతాను. యూరప్‌లో, కెనడాలో బిల్లు ఎగ్గొడితే ఆ భారం చివరికి ప్రభుత్వ ఖజానా మీద పడుతుంది. తన జేబుకు చిల్లు పడుతుందని తెలిసినవాడు గుమ్మంలోనే అడుగుతాడు. అమెరికాలో ఆసుపత్రి బిల్లు ముందుగా పేషెంటు మెడకే చుట్టుకుంటుంది కాబట్టి ప్రభుత్వానికి అంత కంగారు లేదు. ఇన్సూరెన్స్ అడగని దేశంలోనే దాని అవసరం అన్నిటికన్నా ఎక్కువ. మనవాళ్ళేమో, వాళ్ళు అడగలేదంటే అక్కర్లేదనే కదా అనుకుంటారు.

కొడుకు పెద్ద కంపెనీలో పనిచేస్తున్నాడు, వాడికి మంచి ఇన్సూరెన్స్ ఉంది కదా అనే ధీమా ఇంకొకటి. ఆ పాలసీలో భార్య ఉంటుంది, 26 ఏళ్ళలోపు పిల్లలుంటారు. అమ్మానాన్నలకు సాధారణంగా చోటుండదు. 65 దాటినవాళ్ళ కోసం ఉన్న ప్రభుత్వ మెడికేర్ గ్రీన్‌కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులకే ఐదేళ్ళు వరుసగా అక్కడ ఉంటే తప్ప అందదు. ఆరు నెలలకు వెళ్ళినవాళ్ళ మాట చెప్పక్కర్లేదు.

బిల్లు ఎలా పుడుతుంది

ఒక మంచి విషయం ముందు చెప్పాలి. డబ్బుల్లేవని అమెరికా ఆసుపత్రి ఎమర్జెన్సీ గుమ్మంలోంచి ఎవరినీ వెనక్కి పంపకూడదు. 1986లో వచ్చిన ఎమ్‌టాలా అనే చట్టం ప్రకారం పరీక్ష చెయ్యాలి, ప్రమాదం తప్పేదాకా వైద్యం చెయ్యాలి. పెదనాన్నకు స్టెంట్లు వెయ్యడానికి ముందు ఎవరూ క్రెడిట్ కార్డు అడగలేదు. మన దగ్గర అడ్వాన్సు కడితేగానీ లోపలికి తీసుకోని కార్పొరేట్ ఆసుపత్రులు చూసిన కళ్ళకు అది ఆశ్చర్యమే. కాకపోతే ఆ చట్టం వైద్యం చెయ్యమంది గానీ ఉచితంగా చెయ్యమనలేదు.

డిశ్చార్జి అయిన మూడో వారం నుంచి మా అన్నయ్య పోస్టుబాక్సులో కవర్లు పడటం మొదలైంది. ఇక్కడిలా చివరిరోజు కౌంటర్లో ఒకే బిల్లు చేతిలో పెట్టరు. అంబులెన్సు వాళ్ళది ఒకటి. ఆసుపత్రి గది, పరికరాలది ఒకటి. ఎమర్జెన్సీలో చూసిన డాక్టరుది వేరే, ఎందుకంటే ఆయన ఆసుపత్రి ఉద్యోగి కాదు, ఇంకో సంస్థ మనిషి. గుండె డాక్టరుది మరొకటి. ఎక్స్‌రే తీసిన గదికి ఒక చార్జీ, ఆ ఎక్స్‌రే చూసి రిపోర్టు రాసిన డాక్టరుకు ఇంకో చార్జీ. ల్యాబు విడిగా. రెండు నెలలపాటు కవర్లు వస్తూనే ఉన్నాయి. అన్నయ్య వాటికోసం ఎక్సెల్ షీటే పెట్టాడు.

అక్కడి ధరల్లో ఒక కిటుకుంది. ప్రతి ఆసుపత్రికీ ఒక జాబితా ధర ఉంటుంది. చీరల కొట్లో అట్టమీద వేసిన ధర లాంటిది. పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీలు ముందే బేరమాడి దానికన్నా బాగా తక్కువకు ఒప్పందం చేసుకుంటాయి. ఆ కంపెనీల నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్ళకు తగ్గించిన ధర పడుతుంది. ఏ ఇన్సూరెన్సూ లేనివాడి చేతికి మొదట వచ్చేది అట్టమీది ధరే. కాబట్టి మంచి పాలసీ రెండు రకాలుగా పనిచేస్తుంది: ముందు బిల్లునే చిన్నది చేస్తుంది, తర్వాత ఆ చిన్న బిల్లులో ఎక్కువ భాగం తను కడుతుంది.

ఇన్సూరెన్స్ రాలేదని తేలాక అన్నయ్య ఆసుపత్రి బిల్లింగ్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. లాభాపేక్ష లేని ఆసుపత్రులకు పన్ను మినహాయింపు ఉండాలంటే స్తోమత లేనివాళ్ళకు తగ్గించే విధానమొకటి రాతపూర్వకంగా పెట్టాలని 2010 నాటి ఆరోగ్య చట్టం చెబుతుంది. అది ఎవరికి వర్తిస్తుందో ఆసుపత్రిని బట్టి ఉంటుంది. అన్నయ్య దరఖాస్తు పెట్టాడు, పెదనాన్న పెన్షన్ పత్రాలు తెప్పించాడు, కొంత తగ్గించారు, మిగిలింది వాయిదాలకు ఒప్పుకున్నారు. ఈ దారి ఉందని చాలామందికి తెలియక జాబితా ధరంతా కట్టేస్తారు, లేదా బెంబేలెత్తి కాగితాలు తెరవకుండా పడేస్తారు.

ఇంకో సంగతి. పెద్దవాడైన కొడుకు తండ్రి ఆసుపత్రి బిల్లుకు సాధారణంగా దానంతటదే బాధ్యుడైపోడు. చేర్చుకునేటప్పుడు ఇచ్చే కాగితాల కట్టలో హామీదారుగా సంతకం పెడితే అప్పుడవుతాడు. ఆ కంగారులో ఎవరు చదువుతారు? మా అన్నయ్య అన్నిటిమీదా పెట్టేశాడు. అలాగని బిల్లు పడేసి విమానం ఎక్కేయమని సలహాలిచ్చే పెద్దమనుషులు మనలో ఉన్నారు. మళ్ళీ వీసాకు వెళ్ళినప్పుడు, లేదా అక్కడ దిగినప్పుడు, పోయినసారి ఆసుపత్రి ఖర్చు ఎవరు కట్టారని అడిగితే ఏం చెప్పాలో కూడా వాళ్ళే చెబితే బావుంటుంది.

ఏ పాలసీ, ఎంత మేలు

పాలసీల్లో మొదటి తేడా, ఎక్కడ కొన్నామన్నది. ఇండియా కంపెనీల పాలసీ రూపాయల్లో కడతాం, చవగ్గా ఉంటుంది, మనం దేశం దాటకముందే కొనాలి. అమెరికాలో దొరికే విజిటర్ ఇన్సూరెన్స్ డాలర్లలో కట్టాలి, ఖరీదెక్కువ, అక్కడికి వెళ్ళాక కూడా కొనుక్కోవచ్చు. అయితే కొన్న రోజుకి ముందు మొదలైన జబ్బు మామూలుగా అందులోకి రాదు. నొప్పి వచ్చాక పరుగెత్తి కొంటే ఉపయోగం సున్నా.

అసలు తేడా ఇంకొకటుంది. అమెరికా పాలసీల్లో కొన్ని పద్దుల వారీగా ఇంతే ఇస్తామని ముందే రాసి ఉంటాయి. గదికి రోజుకింత, ఎమర్జెన్సీకి ఇంత, ఆపరేషన్‌కు ఇంత. వీటిని ఫిక్స్‌డ్ బెనిఫిట్ అంటారు. రెండోవి కాంప్రెహెన్సివ్, అంటే బిల్లులో మన వాటా పోను మిగతాది పరిమితి దాకా కట్టేవి. లెక్క వేసి చూద్దాం. బిల్లు 40,000 డాలర్లు అనుకోండి. కాంప్రెహెన్సివ్ పాలసీలో డిడక్టిబుల్, అంటే ముందుగా మనం పెట్టుకోవాల్సింది 250 డాలర్లు, ఆ తర్వాతి 5,000లో 80 శాతం కంపెనీది, ఆపైన పరిమితి దాకా మొత్తం కంపెనీదే అని ఉందనుకుందాం. మన జేబులోంచి పోయేది 250, దానికి తోడు 5,000లో 20 శాతం అంటే 1,000, వెరసి 1,250 డాలర్లు. అదే ఫిక్స్‌డ్ పాలసీలో పద్దులన్నీ కూడితే 12,000 వచ్చిందనుకోండి, మిగతా 28,000 మనవే. రెండింటి పేరులోనూ లక్ష డాలర్ల కవరేజీ అనే ఉంటుంది. ప్రకటనలో కనిపించేది ఆ లక్షే.

ఇండియా పాలసీల్లోనూ ఇదే మెలిక వేరే వేషంలో ఉంటుంది. ఒక వయసు దాటినవాళ్ళకు పైకి 50,000 డాలర్లని ఉన్నా, లోపల పద్దుల వారీ ఉపపరిమితులు పెట్టే పాలసీలున్నాయి. మేము కొన్నది అలాంటిదేనని తర్వాత తెలిసింది. అంటే కంపెనీ మొత్తం ఒప్పుకున్నా సగం బిల్లు కూడా తీరేది కాదు.

'గ్యాసేలే'

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. అరవై దాటిన తెలుగు అమ్మానాన్నల్లో బీపీ, షుగర్, థైరాయిడ్, మోకాళ్ళు, వీటిలో ఏదీ లేనివాళ్ళు ఎంతమంది? ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ఎక్కువ క్లెయిములు చిక్కుపడేది ఇక్కడే. దీన్ని ముందునుంచీ ఉన్న జబ్బు అంటారు. ఇందులో రెండు ముడులున్నాయి. జనం ఆ రెండూ ఒకటే అనుకుని కలిపేస్తారు. నేనూ కలిపేశాను.

మొదటిది చెప్పడం. ఫారంలో అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు రాశామా లేదా? రెండోది వర్తించడం. రాసిన జబ్బుకు పాలసీ డబ్బిస్తుందా లేదా? చెప్పాం కాబట్టి వర్తిస్తుందని కాదు. చాలా పాలసీలు చెప్పిన జబ్బును కూడా బయటే పెడతాయి, లేదా ప్రాణం మీదికొస్తే గండం గడిచేవరకే ఇస్తామంటాయి. వర్తించదు కదా, చెప్పడమెందుకని మానేస్తే మాత్రం కంపెనీ చేతికి కర్ర ఇచ్చినట్టే. దాచారన్న కారణంతో, ఆ జబ్బుతో సంబంధం లేదనిపించే క్లెయిముకు కూడా అడ్డుపుల్ల వెయ్యొచ్చు.

ఈ విషయంలో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చదవదగ్గది. 2009 మేలో ఒకాయన ఓవర్సీస్ మెడిక్లెయిమ్ పాలసీ తీసుకుని అమెరికాలో బంధువుల పెళ్ళికి బయల్దేరారు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే నీరసం, చెమటలు. ఆసుపత్రిలో యాంజియోప్లాస్టీ చేసి మూడు స్టెంట్లు వేశారు. తనకు షుగర్ ఉందని పాలసీ తీసుకునేటప్పుడే ఆయన చెప్పారు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడుతున్నట్టు చెప్పలేదని కంపెనీ క్లెయిము కొట్టేసింది. జాతీయ వినియోగదారుల కమిషన్‌లో ఆయన ఓడిపోయారు. 2021 డిసెంబర్ 6న జస్టిస్ డి.వై.చంద్రచూడ్, జస్టిస్ బి.వి.నాగరత్న ధర్మాసనం ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. ఉన్న జబ్బు సంగతి చెప్పాక, ఆ ఆరోగ్య పరిస్థితిని బేరీజు వేసుకునే పాలసీ ఇచ్చిన కంపెనీ, తర్వాత అదే జబ్బును సాకుగా చూపి క్లెయిము తిరస్కరించకూడదంది. ఆయన గెలిచారంటే షుగర్ అని రాసిన ఆ ఒక్క మాటే కారణం. అయినా పన్నెండేళ్ళు పట్టింది.

మా పెదనాన్న కేసులో బీపీ సంగతి దాచామన్నదే కంపెనీ చూపిన మొదటి కారణం. నేను నొక్కిన 'లేవు' వల్ల మాకు ఆ గుమ్మం కూడా లేకుండా పోయింది.

కంపెనీ చూపిన రెండో కారణం ఇంకా ఆసక్తికరం. అమెరికా విజిటర్ పాలసీల్లో 'అక్యూట్ ఆన్‌సెట్' అనే మాట కనిపిస్తుంది. పాత జబ్బే అయినా, ముందస్తు హెచ్చరిక లేకుండా హఠాత్తుగా తిరగబెట్టి, వెంటనే వైద్యం అవసరమైతే ఇస్తామని దానర్థం. అందులో షరతు ఏమిటంటే, చాలా పాలసీల్లో మొదటి లక్షణం కనిపించిన 24 గంటల్లోపు వైద్యానికి వెళ్ళి ఉండాలి. మెల్లగా ముదిరినదైతే రాదు. మేము కొన్న ఇండియా పాలసీలో ఆ మాట లేదు గానీ, హఠాత్తుగా వచ్చిన అత్యవసరమేనా అన్న ప్రశ్న దానికీ ఉంది. కంపెనీవాళ్ళు ఆసుపత్రి రికార్డులు తెప్పించి చూశారు. ఎమర్జెన్సీలో నర్సు అడిగి రాసుకున్న మొదటి వాక్యంలోనే, ఛాతీలో అసౌకర్యం రెండు రోజులుగా ఉందని ఉంది. పెదనాన్న నిజమే చెప్పారు, అన్నయ్య నిజమే అనువదించాడు.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ తీరు తెలిసిందే. నొప్పి వస్తే ముందు వాము, తర్వాత జీలకర్ర, ఆ తర్వాత ఈనో. పిల్లల్ని ఇబ్బంది పెట్టకూడదు, డాలర్లు ఖర్చు పెట్టించకూడదు. ఆ మొహమాటానికి 24 గంటల గడువుతో బొత్తిగా పడదు. తల్లిదండ్రులు దిగిన రోజే కూర్చోబెట్టి, ఒంట్లో ఏ కొత్త తేడా వచ్చినా అర్ధరాత్రి అయినా లేపమని చెప్పడం పాలసీ కొన్నంత పని. చిన్న జ్వరానికి, దగ్గుకు ఎమర్జెన్సీకి పరిగెత్తక్కర్లేదు. వీధి చివరి అర్జెంట్ కేర్ క్లినిక్‌లో చాలా తక్కువలో పోతుంది. ఛాతీ నొప్పి, మాట తడబడటం, ఊపిరి అందకపోవడం లాంటివాటికి మాత్రం ఇన్సూరెన్స్ ఉన్నా లేకపోయినా 911కే చెయ్యాలి.

గల్ఫ్ దారి

అమెరికా తల్లిదండ్రుల గురించే రాస్తూపోతే సగం కథే చెప్పినట్టు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్ళేవాళ్ళ సంగతి వేరే లెక్క. పదో తరగతి పాసవనివాళ్ళు ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన పాస్‌పోర్టు) మీద పనికి వెళ్ళాలంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో చనిపోతే, శాశ్వతంగా వికలాంగులైతే 10 లక్షలు. ఆసుపత్రి ఖర్చుకు లక్ష దాకా. ఈ ధరకు ఇది చెడ్డ పాలసీ కాదు. ఇబ్బందల్లా 'ప్రమాదంలో' అన్న మాటతోనే. ఎండలో పనిచేసి రాత్రి క్యాంపులో నిద్రలోనే గుండె ఆగి పోయినవాళ్ళ కుటుంబానికి ఆ 10 లక్షలు రావు. పత్రం పట్టుకుని తిరిగాక గానీ ఆ తేడా తెలియదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల సాయం ఉత్తర్వు ఇచ్చింది గానీ అది బీమా కాదు, పరిహారం.

దుబాయ్‌లో 2013 నాటి చట్టం ప్రకారం ఉద్యోగికి ఆరోగ్య బీమా యజమానే చేయించాలి. అది ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళకు. విజిట్ వీసా మీద వెళ్ళి పని వెతుక్కునే కుర్రాళ్ళకు యజమానే లేడు, ఇక బీమా ఎవరు చేయిస్తారు? ఏజెంటు లక్షలు తీసుకుంటాడు, ఈ మాట చెప్పడు.

చివరిదాకా ఎవరూ మాట్లాడని పద్దు ఒకటుంది. ప్రాణం పోతే శరీరాన్ని తీసుకురావడం. డెత్ సర్టిఫికెట్, ఎంబామింగ్, రాయబార కార్యాలయం నుంచి అనుమతి పత్రం, పాస్‌పోర్టు రద్దు, విమానంలో కార్గో చార్జీ. దీనికి మన రాయబార కార్యాలయాల దగ్గర 2009 నుంచి ఒక సంక్షేమ నిధి ఉంది, ఆధారం లేనివాళ్ళకు అందులోంచి సాయం చేస్తారు. అమెరికాలో అక్కడి తెలుగువాళ్ళ సంఘం తానా వాళ్ళ టీమ్ స్క్వేర్ లాంటి బృందాలు ముందుకొస్తాయి. అయినా వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరి ఫొటోతో చందాల లింకులు వస్తూనే ఉంటాయి. మంచి ట్రావెల్ పాలసీలో ఈ ఖర్చు విడిగా ఒక పద్దుగా ఉంటుంది. శుభమా అంటూ ప్రయాణం పెట్టుకుని ఆ పేజీ ఎవరు చదువుతారని మా పెద్దమ్మే అంది.

ఆమె ఈ ఏడాది మళ్ళీ వెళ్తోంది. పెదనాన్న ఇక విమానం ఎక్కనన్నారు. మనవరాలి ఓణీల ఫంక్షను, తను వెళ్ళక తప్పదంది. ప్రయాణానికి నెల ముందే నేను తెనాలి వెళ్ళి, వాళ్ళ హాల్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. ఈసారి 'ఉన్నాయి' అని నొక్కాను. ఆమె మందుల డబ్బా, పాత ప్రిస్క్రిప్షన్ల కవరు తెచ్చి మంచం మీద కుమ్మరించింది.

"షుగర్ తొమ్మిదేళ్ళు. బీపీ దానికన్నా ముందునుంచే. థైరాయిడ్ రాశావా?"

"రాశాను పెద్దమ్మా."

"గర్భసంచి ఆపరేషన్ అయి ముప్పై ఏళ్ళయింది, అది కూడానా?"

"అడుగుతున్నాడు కాబట్టి అదీ రాయాలి."

"మోకాళ్ళ నొప్పులు?"

"మందు వాడుతున్నావా?"

"వాడుతున్నా. అప్పుడప్పుడూ."

రాశాను. ప్రీమియం మొదట చూపించినదానికి దాదాపు రెట్టింపయింది. ఆ అంకె చూసి ఆమె కళ్ళజోడు తీసేసి, "అంత డబ్బు పెట్టి నాకు జబ్బులున్నాయని వాళ్ళకు చెప్పుకోవడమేంట్రా" అంది. పక్కగదిలోంచి పెదనాన్న మాట వినబడింది.

"గ్యాస్ సంగతి కూడా రాయమను."